కొలువు వదిలి చుక్కలను ఎంచుకున్న విశాఖ ఖగోళవేత్త అంకితం వెంకట నరసింగరావు
వేధశాల కోసం డిప్యూటీ కలెక్టరు పదవిని వదులుకున్న ధీశాలి

విశాఖపట్నం: మిసెస్ ఏవీఎన్ కళాశాల పేరు వినని కుటుంబం ఉత్తరాంధ్రలో అరుదు. తాత, తండ్రి, మనుమడు వరుసగా అదే ప్రాంగణంలో చదువుకున్న ఇళ్లు ఎన్నో ఉన్నాయి. కానీ ఆ పేరులోని ఏవీఎన్ ఎవరని అడిగితే ఎవరో జమీందారు, ఎవరో దాత అన్న సమాధానమే ఎక్కువగా వినిపిస్తుంది. ఆయన దాత కుటుంబానికి చెందినవారే. అయితే అంతకంటే ముందు ఆయన ఒక ఖగోళవేత్త. ఇంటి ఆవరణలోని వేధశాల నుంచి గ్రహగతులను కొలిచి, ఆ లెక్కలను లండన్‌లోని రాయల్ ఆస్ట్రోనామికల్ సొసైటీకి పంపి, ఆ సంస్థ ఫెలోగా గౌరవం పొందిన తెలుగువాడు. పేరు అంకితం వెంకట నరసింగరావు. 1827లో జన్మించి 1892లో కన్నుమూసిన ఈయన తన జీవితంలో సగానికి పైగా కాలాన్ని ఆకాశానికే అంకితం చేశారు.

మామగారు వేసిన పునాది

నరసింగరావు కథ చెప్పాలంటే ముందుగా ఆయన మామగారు గోడే వెంకట జగ్గారావును స్మరించుకోవాలి. గోడే వంశీయులు విశాఖ ప్రాంతంలో పేరున్న జమీందార్లు. 1817లో జన్మించిన జగ్గారావుకు చిన్ననాటి నుంచి గణితంపై మక్కువ. ఆనాటి సంపన్న గృహాల యువకులకు వేట, సంగీతం, భోగం అందుబాటులో ఉండగా, ఆయన చదువు కోసం మద్రాసు దారి పట్టారు. అక్కడి ప్రభుత్వ వేధశాలలో ఈస్టిండియా కంపెనీ ఖగోళవేత్తగా ఉన్న థామస్ గ్లాన్‌విల్ టేలర్ వద్ద శిష్యరికం చేశారు. టేలర్ సామాన్యుడు కాదు. 1830లో మద్రాసు వచ్చి, దక్షిణాకాశంలోని నక్షత్రాలను ఏళ్ల తరబడి పరిశీలించి, పదకొండు వేల నక్షత్రాల స్థానాలతో పట్టికను ప్రకటించిన పరిశ్రమశీలి.

ఆ గురువు వద్ద పరికరాలను ఉపయోగించే పద్ధతి, లెక్కగట్టే విధానం నేర్చుకున్న జగ్గారావు విశాఖకు తిరిగివచ్చి 1840లో డాబాగార్డెన్స్‌లోని తమ నివాస ప్రాంగణంలో సొంత ఖర్చుతో వేధశాలను నెలకొల్పారు. అప్పటికి ఆయన వయస్సు 23 సంవత్సరాలు. భారతదేశంలో ఆధునిక పరికరాలతో ఒక భారతీయుడు స్వయంగా ఏర్పాటు చేసుకున్న తొలి వేధశాలలలో ఇది ఒకటి. మద్రాసు వేధశాల సైతం 1786లో విలియం పెట్రీ అనే కంపెనీ ఉద్యోగి సొంత సరదాతో మొదలుపెట్టినదే. తరువాత దానిని కంపెనీ స్వీకరించింది. విశాఖ వేధశాలకు మాత్రం అటువంటి అండ లేదు. దానిని నిలిపినది ఒక కుటుంబం.

పదవికి స్వస్తి

1856లో జగ్గారావు అకాల మరణం చెందారు. అప్పటికి ఆయనకు నలభై ఏళ్లు కూడా నిండలేదు. వేధశాల మూతపడే పరిస్థితి ఏర్పడింది. అల్లుడైన నరసింగరావు ఆ సమయంలో ప్రభుత్వ కొలువులో డిప్యూటీ కలెక్టరుగా ఉన్నారు. కంపెనీ పాలన సాగుతున్న ఆ రోజులలో ఒక భారతీయునికి దక్కగల పెద్ద పదవులలో అది ఒకటి. అధికారం, వేతనం, సమాజంలో గౌరవం అన్నీ దానితోనే వచ్చేవి. అటువంటి ఉద్యోగాన్ని ఆయన వదులుకున్నారు. మామగారి వేధశాలను నడిపించే బాధ్యతను భుజాన వేసుకున్నారు. అప్పటికి ఆయన వయస్సు 29 సంవత్సరాలు. నాటి నుంచి తుదిశ్వాస విడిచే వరకు, అంటే 36 సంవత్సరాలపాటు, ఆ వేధశాలే ఆయన కార్యక్షేత్రమైంది.

ఈ నిర్ణయం ఎంత సాహసమైనదో గ్రహించాలంటే ఆనాటి విశాఖను ఊహించుకోవాలి. రైలు లేదు. ఈ ప్రాంతానికి ఈస్ట్‌కోస్ట్ రైలుమార్గం ఆయన మరణించిన మరుసటి ఏడాది, 1893లో గాని ప్రారంభం కాలేదు. ఇప్పుడు మనం చూస్తున్న రేవు 1933లో వచ్చింది. ఓడలు తీరానికి దూరంగా లంగరు వేసుకుంటే పడవలలో సరుకు దించుకునేవారు. అంగుళమంత అద్దం కావాలన్నా సముద్రాలు దాటి రావలసిందే. పరికరం చెడితే బాగుచేసే నిపుణుడు ఊరిలో ఉండడు. సందేహం వస్తే చర్చించడానికి తోటి శాస్త్రజ్ఞుడు చుట్టుపక్కల లేడు. లండన్‌కు లేఖ వెళ్లి సమాధానం వచ్చేసరికి వారాలు, నెలలు గడిచేవి. జీతం ఇచ్చేవారు లేరు, పని చేయకపోతే అడిగేవారూ లేరు. ఆ ఒంటరితనంలో క్రమం తప్పక పరిశీలనలు కొనసాగించడమే నరసింగరావు ఘనత.

ఊరికి గడియారం

వేధశాల అనగానే రాత్రిపూట చుక్కలు చూసే చోటుగానే చాలామంది భావిస్తారు. ఆ కాలంలో అది ఊరికి గడియారం కూడా. నక్షత్రాలు ఆకాశంలో ఉత్తర దక్షిణాలను కలిపే మధ్యాహ్న రేఖను ఏ క్షణాన దాటుతాయో ముందుగానే లెక్కగట్టిన పట్టికలు ఉండేవి. ఆ రేఖకు సరిగ్గా అమర్చిన దూరదర్శినితో నక్షత్రం దాటే క్షణాన్ని పట్టుకుని గడియారాన్ని సరిచేసేవారు. మరే యంత్రమూ ఇవ్వలేని కచ్చితత్వం ఆ పద్ధతిలో ఉండేది.

ఆ కచ్చితత్వం అన్నిటికంటే ఎక్కువగా అవసరమైనది నావికులకు. నడిసముద్రంలో ఓడ ఏ రేఖాంశంపై ఉన్నదీ తెలియాలంటే కాలమే ఆధారం. భూమి ఒక డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. ఓడలోని గడియారం ఒక్క నిమిషం తప్పు చూపితే మన తీరంలో ఓడ స్థానం సుమారు 26 కిలోమీటర్లు తప్పిపోతుంది. చీకటిలో రాళ్ల మీదికి వెళ్లడానికి ఆ తేడా చాలు. అందుకే డాల్ఫిన్స్ నోస్ కొండపై జెండా కొయ్య నిలిపి, నిర్ణీత సమయానికి జెండాను దించే ఏర్పాటు జగ్గారావు కాలంలో జరిగింది. లంగరు వేసిన ఓడలవారు దానిని చూసి తమ గడియారాలు సరిచేసుకునేవారు. నరసింగరావు హయాంలో వేళ తెలిపే ఫిరంగి మోత కూడా వచ్చింది. ఆ మోత వినే పట్టణవాసులు దినచర్య సాగించేవారు. ఆ ఫిరంగి వెనుక ఉన్నది ముందటి రాత్రుల నక్షత్ర పరిశీలన అని వారిలో ఎందరికి తెలుసో.

దేశమంతటికీ ఒకే ప్రామాణిక కాలం 1906లో అమలులోకి వచ్చింది. అంతకుముందు ప్రతి పట్టణానికీ తనదైన స్థానిక సమయం ఉండేది. మద్రాసుకు, విశాఖకు మధ్య సుమారు 12 నిమిషాల తేడా. ఇప్పటి ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం మన కోస్తాకు చేరువగానే సాగుతుంది. కాబట్టి నరసింగరావు గడియారం చూపిన విశాఖ సమయానికి, నేడు మన చేతి గడియారం చూపే సమయానికి తేడా మూడు నిమిషాలే.

గాలి, వాన లెక్కలు

ఆకాశంతోపాటు వాతావరణాన్ని కూడా ఈ వేధశాల నమోదు చేసింది. గాలి ఒత్తిడి, ఉష్ణోగ్రత, వర్షపాతం వంటి వివరాలను రోజువారీగా రాసి ఉంచేవారు. భారత వాతావరణ శాఖ ఏర్పడినది 1875లో. అంతకు దశాబ్దాల ముందే విశాఖలో ఒక ప్రైవేటు వ్యక్తి ఇంట ఈ లెక్కలు సాగుతుండడం విశేషం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరాన్ని కుదిపివేసిన సంగతి ఎవరూ మరువలేదు. బంగాళాఖాతపు ఒడిలో ఉన్న ఊరికి గాలి ఒత్తిడి లెక్కల విలువ ఏమిటో ఇక్కడివారికి వేరుగా చెప్పనక్కరలేదు.

గ్రహణాల కాలం

నరసింగరావు పనిచేసిన కాలం ఖగోళ శాస్త్రంలో ఒక మేలిమలుపు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మన తెలుగునేల మీదుగా సాగింది. ఐరోపా శాస్త్రజ్ఞులు పెట్టెలకొద్దీ పరికరాలతో ఇక్కడికి తరలివచ్చారు. ఫ్రాన్సుకు చెందిన జాన్సెన్ గుంటూరులో మకాం వేశారు. మద్రాసు వేధశాల అధిపతి పాగ్సన్ మచిలీపట్నం చేరారు. అదే వేధశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి వనపర్తిలో నిలిచారు. సూర్యుని అంచున ఎగసే జ్వాలల కాంతిని ఆనాడు వర్ణపటమాపకంతో విశ్లేషించారు. అందులో కనిపించిన పసుపు రేఖే తరువాత హీలియం అనే మూలకం గుర్తింపునకు దారితీసింది. భూమిపై దొరకకముందే సూర్యునిలో జాడ తెలిసిన మూలకం అది. ఆ కథలో గుంటూరుకు చోటు దక్కింది. సంపూర్ణ గ్రహణపు బాటకు ఉత్తరంగా ఉండిపోయిన విశాఖలో మాత్రం పాక్షికంగానే కనిపించింది.

అదే ఏడాది నవంబరు 5న బుధగ్రహం సూర్యబింబం మీదుగా ప్రయాణించింది. దీనిని అంతర్యానం అంటారు. చంద్రుడు అడ్డువస్తే గ్రహణం, చిన్నగా కనిపించే గ్రహం అడ్డువస్తే అంతర్యానం. సూర్యబింబంపై చిన్న నల్లని చుక్క కదులుతున్నట్లు కనిపిస్తుంది. నరసింగరావు దానిని విశాఖ నుంచి పరిశీలించి వివరాలను రాయల్ ఆస్ట్రోనామికల్ సొసైటీకి పంపారు. ఈ కృషికి గుర్తింపుగా ఆయన ఆ సంస్థ ఫెలోగా ఎన్నికయ్యారు. రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ ఫెలో గౌరవం కూడా ఆయనకు లభించింది.

జీవితకాలంలో ఒకే ఉదయం

నరసింగరావు జీవితంలో కీలకమైన రోజు 1874 డిసెంబరు 9. ఆనాడు శుక్రగ్రహం సూర్యబింబాన్ని దాటింది. శుక్ర అంతర్యానం అత్యంత అరుదైన ఘట్టం. ఎనిమిదేళ్ల ఎడంతో రెండుసార్లు జరిగి, మళ్లీ శతాబ్దానికి పైగా కనిపించకుండా పోతుంది. 1769 తరువాత మరల 1874లోనే వచ్చింది. దాని జంట అయిన 1882 అంతర్యానం జరిగే వేళకు భారతదేశంలో రాత్రి. అంటే విశాఖలో ఉండి శుక్ర అంతర్యానాన్ని చూడడానికి నరసింగరావుకు జీవితమంతటిలో దక్కినది ఆ ఒక్క ఉదయమే. మబ్బు పట్టినా, పరికరం మొరాయించినా, ఆరోగ్యం సహకరించకపోయినా రెండో అవకాశం లేదు.

ఇంత ఆరాటం దేనికంటే, ఆ ఘట్టానికి అంత శాస్త్రీయ ప్రాముఖ్యం ఉంది. భూమికి, సూర్యునికి మధ్య దూరం ఎంత అన్నది ఆనాటి ఖగోళ శాస్త్రంలో అతి పెద్ద ప్రశ్న. గ్రహాల మధ్య దూరాల నిష్పత్తులు తెలుసు గాని అసలు కొలత కచ్చితంగా తెలియదు. ఒక్క దూరం తేలితే సౌరకుటుంబం మొత్తం కొలతకు అందుతుంది. భూమిపై దూరదూరంగా ఉన్న చోట్ల నుంచి చూస్తే శుక్రుడు సూర్యబింబాన్ని దాటే దారి, పట్టే సమయం కొద్దిగా మారుతాయి. ఆ తేడా నుంచి దూరాన్ని రాబట్టవచ్చునని హేలీ 1716లోనే సూచించారు. అందుకే 1874లో బ్రిటన్ ప్రభుత్వం ఈజిప్టు, హవాయి, న్యూజిలాండు వంటి చోట్లకు బృందాలను పంపింది. మన దేశంలో రూర్కీ వద్ద టెన్నంట్, బెంగాల్‌లోని ముద్దాపూర్ వద్ద ఇటలీకి చెందిన తకీనీ పరిశీలనలు జరిపారు. వారందరి వెనుక ప్రభుత్వాలు ఉన్నాయి. విశాఖలో నరసింగరావు వెనుక ఉన్నది సొంత ధనం, సొంత పట్టుదల.

కుక్ సంస్థ తయారుచేసిన ఆరు అంగుళాల దూరదర్శినితో ఆయన ఆ దృశ్యాన్ని పరిశీలించారు. సూర్యోదయం అయిన గంటకు పైగా గడిచాక మొదలై, మధ్యాహ్నం కావస్తుండగా ముగిసిన ఆ ప్రయాణం నాలుగున్నర గంటలు సాగింది. శుక్రుని నల్లని బింబం సూర్యుని అంచును తాకే క్షణాన్ని సెకన్లతో సహా గుర్తించడం ఇందులో అసలు పరీక్ష. ఆ క్షణంలో రెండు అంచుల మధ్య నీటిబొట్టు సాగినట్లు నల్లని బంధం కనిపించి, తాకినదీ లేనిదీ తేలక తలపండిన పరిశీలకులనే తికమకపెట్టేది. విశాఖ పరిశీలనల వివరాలు సొసైటీ మాసపత్రికలో ప్రచురితమయ్యాయి. నేటి లెక్క ప్రకారం సూర్యుని సగటు దూరం 14.96 కోట్ల కిలోమీటర్లు. ఆ అంకె వైపు ప్రపంచం వేసిన అడుగుల సమయంలో డాబాగార్డెన్స్ కూడా తన వంతు పని చేసిందన్నది మన జిల్లా గర్వించదగిన విషయం.

అచ్చయ్యమ్మ ఔదార్యం

1892లో నరసింగరావు పరమపదించారు. వేధశాలను స్థాపించిన జగ్గారావు కుమార్తె, దానిని నిలబెట్టిన నరసింగరావు భార్య అయిన అచ్చయ్యమ్మ భర్త స్మృతిని చదువు రూపంలో నిలపాలని సంకల్పించారు. 1860లో పాఠశాలగా మొదలై 1878లో కళాశాల స్థాయికి ఎదిగిన విద్యాసంస్థకు లక్ష రూపాయల భూరి విరాళం అందించారు. అది మిసెస్ ఏవీ నరసింగరావు కళాశాలగా మారింది. పేరు ముందున్న మిసెస్ అన్న మాటను కొత్తవారు వింతగా చూస్తారు. దానమిచ్చిన ఇల్లాలికి ఆ పేరులో దక్కిన చోటు ఆ ఒక్క మాటే. తండ్రి వేధశాలను, భర్త పరిశ్రమను కళ్లారా చూసిన ఆమె సొంత పేరు మాత్రం బోర్డుపైకి ఎక్కలేదు.

ఆ విరాళం వృథా కాలేదు. 1892లోనే ఈ కళాశాలకు గణిత, భౌతిక శాస్త్రాల అధ్యాపకునిగా చంద్రశేఖర అయ్యర్ వచ్చారు. ఆయన వెంట వచ్చిన నాలుగేళ్ల పసివాడే తరువాత నోబెల్ పొందిన సర్ సీవీ రామన్. విశాఖలోనే పెరిగి, ఇదే కళాశాలలో ఇంటర్మీడియట్‌కు సమానమైన చదువు పూర్తిచేసి మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలకు వెళ్లారు. అదే చంద్రశేఖర అయ్యర్ మనుమడు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. నక్షత్రాల అంతిమదశపై చేసిన పరిశోధనకు 1983లో నోబెల్ అందుకున్నారు. ఒక ఖగోళవేత్త పేరున్న కళాశాలలో పాఠం చెప్పిన అధ్యాపకుని వంశంలో అంతటి ఖగోళ భౌతిక శాస్త్రవేత్త ఉదయించడం చరిత్రలోని చక్కని కలయిక.

నిలవని వేధశాల

నరసింగరావు అనంతరం ఆయన కుమారుడు జగ్గారావు తాతగారి పేరుతోపాటు ఆ అభిరుచిని కూడా నిలుపుకున్నారు. ఆకాశాన్ని ఛాయాచిత్రాలుగా తీసే ప్రయత్నాలు ఆయన కాలంలో జరిగాయి. తరువాతి కాలంలో వేధశాల క్రమంగా మరుగున పడింది. దుకాణాలు, వాహనాల రద్దీతో కిక్కిరిసిన నేటి డాబాగార్డెన్స్‌లో ఒకనాడు దూరదర్శిని నిలిచిందంటే నమ్మడం కష్టమే. హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ 1901లో సొంతంగా ప్రారంభించిన వేధశాల కథ ఇందుకు భిన్నం. దానిని 1908లో నిజాం ప్రభుత్వం స్వీకరించింది, తదుపరి ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చేరింది. వ్యక్తి పోయినా సంస్థ మిగిలింది. విశాఖలో వ్యక్తుల అంకితభావానికి లోటు లేకపోయినా, అది సంస్థగా వేళ్లూనలేదు. పనిముట్లు, లెక్కల పుస్తకాలు భద్రపరిచే ఏర్పాటు లేకుంటే ఎంతటి కృషి అయినా రెండు మూడు తరాలకే చెదిరిపోతుందనడానికి ఇది ఉదాహరణ.

2004 జూన్ 8న, 2012 జూన్ 6న శుక్ర అంతర్యానం జరిగినప్పుడు మన దేశంలో వేలాది విద్యార్థులు నల్లద్దాలతో, తెరపై పడిన ప్రతిబింబంతో దానిని వీక్షించారు. ఇక తదుపరిది 2117లో. ఇప్పుడు జీవించి ఉన్నవారిలో దానిని చూడగలవారు చాలా కొద్దిమందే. అయితే నరసింగరావు 1868లో కొలిచిన బుధ అంతర్యానం మాత్రం 2032 నవంబరు 13న మళ్లీ రానున్నది. ఆ రోజు మధ్యాహ్నం పన్నెండు గంటలు దాటాక మొదలై సూర్యాస్తమయానికి ముందే ముగుస్తుంది కనుక ఆకాశం నిర్మలంగా ఉంటే విశాఖ వాసులు ఆసాంతం చూడవచ్చు. సూర్యుని నేరుగా చూడరాదు. తగిన వడపోత అమర్చిన చిన్న దూరదర్శిని ఉంటే చాలు. జిల్లాలోని పాఠశాలలు, కళాశాలలు ఇప్పటినుంచే ఆ పరికరాలను సమకూర్చుకుని, పిల్లలకు గడియారం పట్టి క్షణాలు గుర్తించే పని నేర్పగలిగితే, నరసింగరావు పేరు బోర్డుపై అక్షరాలుగా కాక ఆయన చేసిన పనిగానే మరో తరానికి అందుతుంది.